పాత డెస్క్‌టాప్‌కి ర్యామ్ పెంచడం ఎలా? కొనే ముందు ఒకసారి తీసి తుడవండి

మా నాన్నగారి డెస్క్‌టాప్ హుద్‌హుద్ తుఫాను వచ్చిన మరుసటి ఏడాది, అంటే 2015లో కొన్నది. నాలుగో తరం ఇంటెల్ కోర్ ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్ (తెరిచిన ప్రోగ్రాములు నడవడానికి కంప్యూటర్ వాడుకునే మెమరీ). విశాఖ ఎంవీపీ కాలనీలో సముద్రం గాలి నేరుగా వచ్చే గదిలో పదేళ్లు ఉంది. పెన్షన్ కాగితాలు, ఫోటోలు, యూట్యూబ్‌లో ప్రవచనాలు, ఇంతే ఆయన వాడకం. ఈమధ్య బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులు తెరిస్తే చాలు, మౌస్ కూడా కదిలేది కాదు. కొత్తది కొందామంటే ఆయన ఒప్పుకోలేదు. ఒక ఆదివారం పూట కూర్చుని ర్యామ్ పెంచాను. స్క్రూడ్రైవర్ పట్టుకోవడం వచ్చిన ఎవరైనా చేసుకోగల పని ఇది.

అసలు లోటు ర్యామ్‌దేనా?

ముందు ఇది తేల్చుకోండి. మీరు రోజూ వాడే ప్రోగ్రాములన్నీ తెరిచి ఉంచి, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్, తర్వాత మెమరీ చూడండి. వాడకం 85, 90 శాతం దగ్గరే నిలిచిపోతుంటే ర్యామ్ చాలడం లేదన్నమాట. మెమరీ సగమే నిండి, డిస్క్ మాత్రం 100 శాతం చూపిస్తుంటే మీకు కావాల్సింది ర్యామ్ కాదు, ఎస్‌ఎస్‌డీ, అంటే హార్డ్‌డిస్క్ బదులు పెట్టుకునే వేగమైన డిస్క్. రెండూ నిండిపోయి ఉంటే మొదట ర్యామ్ సంగతే చూడండి. ర్యామ్‌లో చోటు లేనప్పుడు విండోస్ ఆ భారాన్ని డిస్క్ మీదికి నెడుతుంది, అందుకే డిస్క్ కూడా ఊపిరాడకుండా తిరుగుతుంది.

అదే పేజీలో కింద ర్యామ్ పెట్టే స్లాట్లు ఎన్ని ఉన్నాయో, అందులో ఎన్ని వాడుతున్నామో, ర్యామ్ వేగం ఎంతో కనిపిస్తాయి. రాసుకోండి. విండోస్ 32 బిట్‌దా, 64 బిట్‌దా అన్నది కూడా సెట్టింగ్స్‌లో చూసుకోండి. మన ఇళ్లలో ఉండే మామూలు 32 బిట్ విండోస్ 4 జీబీకి మించి వాడుకోలేదు. దాని మీద 8 జీబీ వేసినా డబ్బు దండగ.

ఏ ర్యామ్ కొనాలి?

ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. నేనూ పోగొట్టుకున్నాను. ర్యామ్‌లో డీడీఆర్2, డీడీఆర్3, డీడీఆర్4 అని తరాలుంటాయి. డీడీఆర్3, డీడీఆర్4 ఒకదాని స్లాట్‌లో ఇంకొకటి దిగవు. డీడీఆర్3కి 240 పిన్నులు, డీడీఆర్4కి 288. మధ్యలో ఉండే గాడి కూడా వేర్వేరు చోట్ల ఉంటుంది. 2015కి ముందు కొన్న ఇంటెల్ డెస్క్‌టాప్ అయితే చాలావరకు డీడీఆర్3 ఉంటుంది, మరీ పాతదైతే డీడీఆర్2. ఊహించుకోనక్కర్లేదు, ర్యామ్ స్టిక్ (స్లాట్‌లో పెట్టే ఆ పట్టీ) మీద స్టిక్కర్ చదివితే తెలిసిపోతుంది. పీసీ3 అని మొదలైతే డీడీఆర్3, పీసీ4 అయితే డీడీఆర్4. పీసీ3-12800 అంటే 1600 వేగం. పీసీ3ఎల్ అని ఉంటే అది 1.35 వోల్టులతో నడిచే రకం. మామూలు 1.5 వోల్టుల డీడీఆర్3 మదర్‌బోర్డులో కూడా అది పని చేస్తుంది.

రెండు వేర్వేరు వేగాల స్టిక్కులు కలిపితే రెండూ తక్కువ వేగంతోనే నడుస్తాయి. అదేమంత నష్టం కాదు. ల్యాప్‌టాప్ ర్యామ్ పొట్టిగా ఉంటుంది, డెస్క్‌టాప్‌లో పట్టదు. మీ బోర్డు గరిష్ఠంగా ఎంత ర్యామ్ తీసుకుంటుందో మోడల్ పేరుతో కంపెనీ సైట్‌లో వెతకండి. జీ41 లాంటి పాత చిప్‌సెట్ బోర్డులు 8 జీబీ దగ్గరే ఆగిపోతాయి.

ఇక నేను పోగొట్టుకున్న సంగతి. తక్కువ ధరకు వస్తోందని ఒక 8 జీబీ డీడీఆర్3 స్టిక్ కొన్నాను. ఇంటికొచ్చి పెడితే డిస్‌ప్లే రాలేదు. గంటసేపు తంటాలు పడ్డాక ప్యాకెట్ మీద చిన్న అక్షరాలు కనబడ్డాయి: ఏఎమ్‌డీ బోర్డులకు మాత్రమే. ఏఎమ్‌డీ అంటే ఇంటెల్‌కి పోటీగా ప్రాసెసర్లు చేసే కంపెనీ. ఇలాంటి చవక స్టిక్కులు ఇంటెల్ బోర్డుల్లో పని చేయవు. కొట్టువాళ్లు వాపసు తీసుకోలేదు. అందుకే రెండోసారి పాత స్టిక్‌నే జేబులో పెట్టుకుని ద్వారకానగర్ వెళ్లి, దాన్ని చూపించి, దానికి జతగా 4 జీబీ అడిగి తెచ్చుకున్నాను. మీరూ అలాగే చేయండి. డీడీఆర్3 ఇప్పుడు ఎక్కువగా సెకండ్ హ్యాండ్‌లోనే దొరుకుతుంది కాబట్టి, పని చేయకపోతే మార్చి ఇస్తామని బిల్లు మీద రాయించుకోండి.

తీసి తుడవడం

కంప్యూటర్ షట్‌డౌన్ చేసి, ప్లగ్ పూర్తిగా ఊడదీయండి. పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన కరెంటు పోతుంది. క్యాబినెట్‌ని పడుకోబెట్టి పక్క మూత తీయండి. లోపలి ఏ భాగాన్నైనా ముట్టుకునే ముందు క్యాబినెట్ ఇనుమును ఒకసారి ముట్టుకోండి. మన ఊళ్లో గాలి తేమగా ఉంటుంది కాబట్టి ఒంట్లోని స్టాటిక్ కరెంటు వల్ల చిప్పులు పాడయ్యే భయం కాస్త తక్కువే. ఏసీ గదిలో మాత్రం ఈ జాగ్రత్త తప్పకూడదు.

ర్యామ్ స్లాట్‌కి చివర్లలో ఉండే క్లిప్పుల్ని బయటికి నొక్కితే స్టిక్ పైకి లేస్తుంది. కొన్ని బోర్డుల్లో క్లిప్ ఒకవైపే ఉంటుంది, రెండోవైపు లాగి విరగ్గొట్టకండి. స్టిక్‌ని అంచులతో పట్టుకోండి, బంగారు రంగు పిన్నుల్ని వేలితో తాకొద్దు.

ఆ పిన్నుల్ని వెలుతురులో చూడండి. నాన్నగారి స్టిక్ మీద మసకగా, పలచని పొర పట్టి ఉంది. బీచ్ దగ్గరి ఇళ్లలో కిటికీ గ్రిల్స్‌ని తుప్పు పట్టించే ఆ ఉప్పు తేమే కంప్యూటర్ లోపలికీ వెళ్తుంది. ఆ పొర వల్ల స్లాట్‌కీ స్టిక్‌కీ మధ్య కాంటాక్ట్ సరిగా అందదు. ఆన్ చేస్తే బీప్‌లు కొట్టడం, డిస్‌ప్లే రాకపోవడం, ఉన్నట్టుండి నీలం స్క్రీన్ రావడం, ఇవన్నీ ఒక్కోసారి దీనివల్లే. ర్యామ్ పోయిందని పారేసేవాటిలో ఇలాంటివి కూడా ఉంటాయన్నదే నా బాధ.

పిల్లలు వాడే మెత్తని తెల్ల రబ్బరు తీసుకుని, పిన్నుల మీద పైనుంచి అంచు వైపుకి నెమ్మదిగా నాలుగైదు సార్లు రుద్దండి. రెండువైపులా చేయండి. రబ్బరు పొట్టు క్యాబినెట్‌లో పడకుండా దూరంగా కూర్చోండి. పొడి బ్రష్‌తో దులిపేయండి. ఉప్పు కాగితం మాత్రం వాడొద్దు, బంగారు పూత లేచిపోతుంది. స్లాట్‌ని కూడా అదే బ్రష్‌తో శుభ్రం చేయండి, నోటితో ఊదకండి. తుంపర్లు పడతాయి.

మూత తీసి ఉన్నప్పుడే ఇంకో పని. కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ, టైము తప్పు చూపిస్తుంటే మదర్‌బోర్డు మీద ఉండే నాణెం లాంటి సీఆర్2032 సెల్ అయిపోయినట్టు. అది కూడా మార్చేయండి.

పెట్టడం, పరీక్షించడం

స్టిక్ గాడి, స్లాట్‌లోని గుబ్బ ఒకే చోటికి వచ్చేలా చూసుకుని, రెండు బొటనవేళ్లతో రెండు చివర్లా సమానంగా నొక్కండి. క్లిప్పులు టక్కుమని వాటంతటవే మూసుకోవాలి. కాస్త గట్టిగానే నొక్కాల్సి వస్తుంది, టెన్షన్ పడకండి. గాడి కలవకపోతే మాత్రం బలవంతం చేయొద్దు, స్టిక్ తిప్పి చూడండి. నాలుగు స్లాట్లుంటే చాలా బోర్డుల్లో ప్రాసెసర్ నుంచి లెక్కపెట్టి రెండోది, నాలుగోది వాడాలి. జతగా పెడితే డ్యూయల్ ఛానల్‌లో, అంటే రెండు స్టిక్కులూ ఒకేసారి పని చేస్తూ నడిచి, కొంత వేగం కలిసొస్తుంది.

మూత బిగించకుండానే ఒకసారి ఆన్ చేయండి. డిస్‌ప్లే రాకపోతే మళ్లీ ప్లగ్ తీసి, ఒక్కో స్టిక్‌ని ఒక్కో స్లాట్‌లో విడిగా పెట్టి చూడండి. తప్పు స్టిక్‌దో స్లాట్‌దో అలా తేలిపోతుంది. విండోస్ వచ్చాక టాస్క్ మేనేజర్‌లో మొత్తం ర్యామ్ సరిగా చూపిస్తోందా చూడండి. ఆ రాత్రి పడుకునే ముందు ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రామ్‌ని పెన్‌డ్రైవ్ నుంచి నడపండి. సెకండ్ హ్యాండ్ స్టిక్ అయితే ఇది తప్పనిసరి. తెల్లారేసరికి ఒక్క ఎర్రర్ చూపించినా స్టిక్ మార్పించుకోండి.

నాన్నగారి మెషీన్‌లో ఇప్పుడు 8 జీబీ ఉంది. ట్యాబులు తెరిచినా ఆగడం లేదు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది, ఇంత పాత ప్రాసెసర్‌ని విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు. అందుకని త్వరలో దానిలో విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసి ఆయనకు అలవాటు చేయాలనుకుంటున్నాను. ఇక ప్రతి ఏడాదీ సంక్రాంతికి ఇల్లు దులిపే రోజున క్యాబినెట్ మూత తీసి, ర్యామ్ పిన్నులు కూడా ఒకసారి తుడిచి పెడతాం.