సన్న వీపు గుర్రానికి దూర ప్రయాణపు జీనును ఎంచుకోవడం ఎలా?

రాజస్థాన్‌లోని పుష్కర్ సంతలోనో మహారాష్ట్రలోని సారంగ్‌ఖేడా సంతలోనో మార్వారీ గుర్రాన్ని కొనేవారు దాని పళ్లు, గిట్టలు, సుళ్లు, నడక అన్నీ పరీక్షగా చూస్తారు; జీనును మాత్రం పక్క దుకాణంలో తోలు మెరుపు చూసి కొనేస్తారు. మైదానంలో అరగంట తిప్పేవరకూ ఆ జీను సరిపోయినట్టే ఉంటుంది. ఎండ్యూరెన్స్ పందేలలో, అంటే దూర ప్రయాణపు పందేలలో, గుర్రం 80 నుంచి 160 కిలోమీటర్లు వెళ్లాలి, విరామం వచ్చిన ప్రతిసారీ పశువైద్యులు గుండె వేగంతో పాటు వీపును కూడా నొక్కి చూస్తారు. సరిపడని జీను అక్కడ బయటపడుతుంది. మార్వారీ, కాఠియావాడీ గుర్రాలలో చాలావాటికి మూపు (మెడ, వీపు కలిసే చోటు) ఎత్తుగా, వీపు సన్నగా ఉంటుంది కనుక వాటికి జీను ఎంపిక మరింత కష్టం.

కావలసిన సామాగ్రి కొద్దిగానే ఉంటుంది: ఒంచిన ఆకారంలోనే నిలిచిపోయే డ్రాయింగ్ స్కేలు, కాస్త మందపాటి అట్ట, సుద్దముక్క, పల్చని తెల్ల నూలు గుడ్డ, గుర్రాన్ని కదలకుండా పట్టుకునే ఒక మనిషి. గుర్రం చదునైన నేల మీద నాలుగు కాళ్లపైనా సమంగా బరువు మోపి, తల నిటారుగా ఉంచి నిలబడాలి. మేత మేస్తున్న గుర్రం వీపు కొలవకూడదు.

కొలవకముందు ఆ వీపు ఎందుకు సన్నగా ఉందో తేల్చుకోవాలి. పుట్టుకతోనే సన్నగా ఉన్న వీపు మీద కండ గట్టిగా ఉంటుంది, మూపు పక్కలు నిండుగా ఉంటాయి. తిండి చాలకనో పాత జీను నొక్కుడు వల్లనో సన్నబడిన వీపుకు మూపు వెనుక రెండు వైపులా గుంటలు పడతాయి, కొన్నిసార్లు అక్కడ తెల్ల వెంట్రుకలు కూడా మొలుస్తాయి. గుంటలున్న గుర్రానికి ఆ గుంటల కొలతకే జీను కొంటే, ఆ కండ ఇక తిరిగి పెరగదు. దానికి కొంచెం వెడల్పైన జీను తీసుకుని, ఖాళీని ఫెల్ట్ (అదిమిన ఉన్ని) ముక్కలతో నింపి, కండ పెరిగేకొద్దీ ఆ ముక్కలను తీసివేయాలి.

ఇక కొలత. జబ్బ ఎముక వెనుక అంచును వేళ్లతో తడిమి సుద్దతో గీయాలి. దానికి రెండు వేళ్ల వెనుక వీపుకు అడ్డంగా స్కేలును ఒంచి, ఆ ఆకారాన్ని అట్ట మీద గీసి కత్తిరించాలి. చివరి పక్కటెముక దగ్గర మరొకటి, మూపు నుంచి ఆ చివరి పక్కటెముక వరకు పొడవునా ఇంకొకటి తీసుకోవాలి. జీను బరువు ఆ చివరి పక్కటెముకను దాటి నడుము మీద పడకూడదు. కనుక ఈ మూడో అట్ట తీసుకోకుండా దుకాణానికి వెళ్లవద్దు.

జీను విషయంలో నా నియమం ఒక్కటే: లోపల గట్టి చట్రం ఉండాలి, వీపును తాకే ప్యానెళ్లలో ఉన్ని నింపి ఉండాలి. ఉన్నిని తీసి మళ్లీ సర్దవచ్చు, ఫోమును సర్దలేము. చట్రం లేని జీను ఏ గుర్రానికైనా సరిపోతుందని చెప్పి అమ్ముతున్నారు. గుండ్రని వీపు గుర్రానికి అది నడుస్తుందేమో కానీ, మూపు నిక్కిన గుర్రానికి వెన్నెముకను రౌతు బరువు నుంచి కాపాడే కమాను అందులో ఉండదు. దాన్ని కాపాడటానికి జీను కింద వేసే ప్రత్యేకమైన ప్యాడ్లు కొనాలి, ఆ ఖర్చుకు ఒక మంచి పాత తోలు జీను వస్తుంది. అమెరికా సైన్యం 1859లో తీసుకున్న మెక్లెల్లన్ జీనుకు నడుమ పొడవునా ఖాళీ ఎందుకు వదిలారో ఆలోచిస్తే, వెన్నెముక మీద ఏదీ ఆనకూడదన్న మాట కొత్తది కాదని తెలుస్తుంది.

అందరూ తప్పు చేసేది జీనును వీపు మీద పెట్టి చూసేటప్పుడే. మొదటిసారి ప్యాడ్ లేకుండానే చూడాలి. జీనును మూపు మీద కాస్త ముందుగా ఉంచి, వెంట్రుకల వాలు వెంబడి వెనక్కి జరపాలి. అది తనంతట తాను ఆగిన చోటే దాని స్థానం, అంటే చట్రపు కమాను కొనలు జబ్బ ఎముక వెనుకకు రావాలి. చాలామంది అక్కడ ఆపకుండా తమకు అందంగా కనిపించే చోటికి ముందుకు లాగుతారు. గుర్రం కాలు ముందుకు చాచినప్పుడు జబ్బ ఎముక పైభాగం వెనక్కి జరుగుతుంది కాబట్టి, ముందుకు లాగిన జీను అడుగడుగునా ఆ ఎముకను కొడుతూనే ఉంటుంది. పక్కనున్న మనిషి చేత ముందు కాలు ఎత్తించి ముందుకు చాపించి, అదే సమయంలో మీ అరచేతిని ప్యానెల్ కింద ఉంచితే ఆ కదలిక మీకే తెలుస్తుంది. చేయి నలిగితే ఆ జీను వద్దు.

తర్వాత గుర్రం పొట్ట కింద నుంచి జీనును కట్టే గర్త్ పట్టీని బిగించి, కమాను కొన దగ్గర అరచేతిని పై నుంచి కిందకు నెమ్మదిగా జరపాలి. ఒత్తిడి పొడవునా ఒకేలా ఉండాలి. కింద బిగుతుగా, పైన వదులుగా ఉంటే చట్రం కోణం ఇరుకు. పైన బిగుతుగా, కింద వదులుగా ఉంటే అది వెడల్పు, త్వరలోనే మూపు మీద కూర్చుంటుంది. దుకాణదారు చెప్పే సెంటీమీటర్ల అంకెను నమ్మవద్దు. ఒకే వెడల్పు ఉన్న రెండు చట్రాలకు వేర్వేరు కోణాలు ఉండవచ్చు, సన్న వీపుకు కోణమే ముఖ్యం. మీ మొదటి అట్టను కమాను లోపల పెట్టి చూస్తే ఆ తేడా దుకాణంలోనే తెలిసిపోతుంది.

మూపు మీద ఖాళీని రౌతు ఎక్కిన తర్వాత, రౌతు ముందుకు వంగినప్పుడు కూడా కొలవాలి. అప్పటికీ రెండు వేళ్లు పట్టాలి. ఎక్కకముందు మూడు వేళ్ల ఖాళీ ఉన్నదని సంతోషించేవారే ఎక్కువ. రెండు ప్యానెళ్ల నడుమ ఉండే గాడి ముందు నుంచి వెనుక దాకా కనీసం మూడు వేళ్ల వెడల్పు ఉండాలి. ముందు వెడల్పుగా మొదలై వెనుక సన్నబడే గాడి వెన్నుపూసల పక్క కొనలను నొక్కుతుంది.

ఇక వంతెన దోషం. మూపు ఎత్తుగా ఉన్న గుర్రాల వీపు దాని వెనుక కాస్త లోనికి వంగుతుంది. ప్యానెల్ ఆ వంపు లేకుండా తిన్నగా ఉంటే ముందూ వెనుకా మాత్రమే ఆని, నడుమ తేలుతుంది, రౌతు బరువంతా నాలుగు చోట్ల పడుతుంది. గర్త్ బిగించి ఉండగా చేతిని నడుమ దాకా పోనిచ్చి, ఎక్కడా వదులు తగలకుండా ఉన్నదో లేదో రెండు వైపులా చూడాలి. ఇలా వంతెనలా రెండు చివర్లే వీపుకు తగిలే జీనును మందపాటి ప్యాడ్‌తో సర్దవచ్చని ఎవరైనా చెబితే వినవద్దు. ఇరుకు జీను కింద మందపాటి ప్యాడ్ వేస్తే ఇరుకు మరింత పెరుగుతుంది. ప్యాడ్ ఉన్ని ఫెల్ట్‌దే, పల్చనిదే ఉండాలి.

చివరగా గుర్రానికి చెమట పట్టేలా గంటసేపు, ఎత్తుపల్లాల మీద స్వారీ చేయాలి. ప్యాడ్ కింద తెల్ల గుడ్డ వేస్తే దుమ్ము, చెమట మచ్చలు దాని మీద చదవవచ్చు. రెండు వైపులా ఒకేలా తడి ఉంటే మంచిదే. పొడిగా మిగిలిన మచ్చ అధిక ఒత్తిడి వల్ల కావచ్చు, అసలు ఆనకపోవడం వల్లా కావచ్చు. అక్కడ వెంట్రుకలు అణిగిపోయి ఉంటే మొదటిది, మామూలుగా ఉంటే రెండోది అని నేను తీర్మానిస్తాను. అరగంట తర్వాత మళ్లీ వీపును తడమాలి, ఎందుకంటే ఒత్తిడి తొలగిన తర్వాతే కొన్ని వాపులు పైకి వస్తాయి. వేళ్లతో వెన్ను పక్క కండను నొక్కినప్పుడు గుర్రం నడుము కిందకు కుంగినా చెవులు వెనక్కి వాల్చినా ఆ జీనును మరుసటి రోజు వాడకూడదు.

సాధన పెరిగేకొద్దీ గుర్రం కొవ్వు కరుగుతుంది, కండ పెరుగుతుంది, ఉన్ని అణుగుతుంది. అందుకే పందేల కాలం మొదట్లో ఒకసారి, నడుమ మరోసారి అట్టలు తీసి పాతవాటితో పోల్చి, తేడా కనిపించిన వైపు ఉన్నిని జీన్లు కుట్టే పనివాడి చేత సర్దించుకోవాలి.