పొందూరులో నూలు వడకడం నేర్చుకోవాలంటే

శ్రీకాకుళంలో టైలరింగ్ షాపు నాది. పొద్దస్తమానం బట్టతోనే పనిగానీ, అందులోని దారం ఎలా పుడుతుందో తెలిసేది కాదు. ఆ సరదాకే సెలవు దొరికితే పొందూరు పోతుంటాను. బస్సులున్నాయి, ఊరికి రైల్వే స్టేషనూ ఉంది. షాపుకొచ్చే ఆడవాళ్లు ‘మేమూ నేర్చుకుంటాం’ అంటుంటారు. వాళ్లకు చెప్పేదే ఇది.

ముందే రాట్నం కొనకండి. వడకడమే బతుకుతెరువైన ఒక మనిషిని చూసుకోండి, ఖాదీ సంఘంలో అడగండి. డబ్బు మాట మొదటిరోజే తేల్చుకోవాలి. మన పక్కన కూర్చున్నంతసేపూ ఆవిడ వడికే చిలపలు, అంటే నూలు చుట్టలు, తగ్గుతాయి. సరదా మనది, కూలి ఆవిడది.

వెళ్లగానే అందరూ వాలుగ చేప దవడ అడుగుతారు, ఫొటోకి! గింజతో ఉన్న పత్తిని దువ్వి చెత్త తీసేది దాంతోనే. అది తర్వాత. మొదట అరటి దొప్పలో దాచిన తయారు ఏకులు, అంటే వడకడానికి చుట్టిన దూది వత్తులు, అడిగి తీసుకోండి.

కదురుకి, అంటే రాట్నంలో నూలు చుట్టుకునే పుల్లకి, కొంచెం పాత నూలు చుట్టి, దాని కొసని ఏకు కొసకి ఆనించండి. కుడిచెయ్యి చక్రం తిప్పుతుంటే ఎడమచెయ్యి ఏకుని వెనక్కి లాగాలి. వేళ్లు గట్టిగా నొక్కితే పోగు సాగదు, మరీ వదిలేస్తే తెగుతుంది. చెయ్యి చాపినంత పోగు వచ్చాక చక్రం కాస్త వెనక్కి తిప్పి, పోగుని కదురుకి అడ్డంగా తెచ్చి చుట్టాలి. మెలికలు పడితే పురి ఎక్కువైనట్టు, విడిపోతే చాలనట్టు. తెగినప్పుడు ముడి వెయ్యొద్దు. తెగిన కొసని ఏకు దూది మీద ఆనించి తిప్పండి, పురే అతుకుతుంది. నేను తొందరపడితే మా అప్ప ‘ఎందుకమ్మా అంత బేగి?’ అంటుంది.

నూలు ఎంత సన్నమో చెప్పే నంబరు మోజు వద్దు. పొందూరుకి పేరు తెచ్చిన నూరో నంబరంటే, 840 గజాల చిలపలు నూరు కలిపినా ఒక్క పౌండే తూగాలి. అంటే అరకిలో కన్నా తక్కువ బరువులో 77 కిలోమీటర్ల నూలన్నమాట! మనకి లావు నూలైనా ఒకేలా వస్తే చాలు.

అలా వచ్చాకే కొనే ఆలోచన. ఇంట్లోకి పెట్టె రాట్నం సుఖం, మూసి అటక మీద పెట్టేయొచ్చు. కొనేముందు కదురు తిప్పి మొన చూడండి. వణుకుతుంటే ధర తగ్గించినా తీసుకోవద్దు.