పెద్దకార్యం నాటికి పైలట్ గారి పుస్తకం: లాగ్‌బుక్ చదివి రాయడం ఎలా

ఎయిర్‌ఫోర్స్‌లో చేసి, ఆ తర్వాత ఎయిర్‌లైన్స్‌లో విమానాలు నడిపి, రిటైరయ్యాక శ్రీకాకుళంలోనో బొబ్బిలిలోనో స్థిరపడ్డ పెద్దాయన పోతే, దినవారాలకి వచ్చినవాళ్ల చేతిలో చిన్న పుస్తకం పెట్టాలని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. చేతిలో ఉండేది వారం రోజులు. అందులో సగం "మృదుస్వభావి, క్రమశిక్షణకు మారుపేరు" లాంటి మాటలు ఏరడానికే పోతుంది. ఆ మాటలు రిటైర్డ్ తహసీల్దారు గారికీ సరిపోతాయి. పైలట్‌కి మాత్రమే ఉండేది లాగ్‌బుక్. ఎక్కిన ప్రతి విమానం, తేదీ, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎంతసేపు, అన్నీ ఆయన చేతిరాతలోనే ఉంటాయి. అక్కడి నుంచి మొదలుపెట్టండి.

మామూలుగా రెండు రకాలు దొరుకుతాయి: సర్వీసులో ఉన్నప్పటిది, సివిల్‌ది. బీరువా అడుగునో, పాత ఫ్లయిట్ బ్యాగులోనో, పాస్‌పోర్టుల కవరులోనో ఉంటాయి. ముందు సివిల్ పుస్తకం చివరి పుట తీయండి. మొత్తం గంటలు అక్కడే ఉంటాయి. చాలామంది ఆ అంకెకి ఎయిర్‌ఫోర్స్ గంటలు మళ్లీ కలిపేస్తారు. అది తప్పు కావచ్చు. సివిల్ పుస్తకం మొదటి పుటలో "బ్రాట్ ఫార్వర్డ్" (పాత పుస్తకం నుంచి తెచ్చిన మొత్తం) అన్న వరుస చూడండి. అక్కడ వేలల్లో అంకె ఉంటే సర్వీసు గంటలు అప్పటికే కలిసిపోయాయన్నమాట. సిమ్యులేటర్ (నేల మీది నమూనా కాక్‌పిట్) గంటలకి వేరే కాలమ్ ఉంటుంది. వాటిని ఎగిరిన గంటల్లో కలపకండి.

కూడికలోనూ ఓ మెలిక ఉంది. 3.45 అని రాసి ఉంటే కొన్ని పుస్తకాల్లో మూడు గంటల నలభై ఐదు నిమిషాలు, కొన్నింట్లో దశాంశం. కాలిక్యులేటర్లో 3.45కి 2.30 కలిపితే 5.75 వస్తుంది. నిమిషాల లెక్కయితే అసలు జవాబు 6 గంటల 15 నిమిషాలు. ఏ లెక్కో తేల్చుకోవాలంటే నాలుగైదు పుటలు తిరగేయండి. చుక్క తర్వాత 59 దాటిన అంకె ఒక్కటి కనిపించినా అది దశాంశమే.

తేదీల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. సివిల్ లాగ్‌బుక్కుల్లో టైము సాధారణంగా జీఎంటీలో, అంటే యూటీసీలో ఉంటుంది. మన టైము రావాలంటే దానికి ఐదున్నర గంటలు కలుపుకోవాలి. 14వ తేదీ 20:10కి బయల్దేరినట్టు ఉంటే, మనకది 15వ తేదీ తెల్లవారుజామున 1:40. "పెద్దబ్బాయి పుట్టిన రోజున నాన్నగారు గాల్లో ఉన్నారు" అని రాసేముందు ఈ లెక్క చూసుకోండి. ఊళ్ల పేర్ల బదులు నాలుగక్షరాల కోడ్‌లు ఉంటే భయపడక్కర్లేదు. వీఐ అంటే ఉత్తరం, వీఏ పడమర, వీఈ తూర్పు, వీఓ దక్షిణం. వీఐడీపీ ఢిల్లీ, వీఈసీసీ కలకత్తా, వీఓఎంఎం మద్రాసు, వీఐఎల్‌హెచ్ లేహ్.

పుస్తకంలో వెయ్యి ఎంట్రీలు పెట్టలేం, మూడు చాలు: మొదటి సోలో (ఒంటరిగా నడిపినది), కమాండర్‌గా మొదటి ట్రిప్పు (పి1, అంటే కమాండర్ గంటల కాలమ్‌లో ఉంటుంది), చివరి ట్రిప్పు. నాలుగోది వెతికి పట్టుకోగలిగితే మంచిదే, కానీ దాని గొప్పతనం చదివేవాళ్లకి తెలిసేలా రాయాలి. "ఏఎన్-32 మీద లేహ్ వెళ్లారు" అంటే, అది ఎయిర్‌ఫోర్స్ రవాణా విమానమనీ, లేహ్ లద్దాఖ్ కొండల్లో ఉందనీ రాజాంలో ఉన్న మేనమామకి తెలీదు. లేహ్ రన్‌వే 10,600 అడుగుల పైచిలుకు ఎత్తులో ఉంది. గాలి పలచన కాబట్టి ఇంజన్ బలం తగ్గుతుంది, బరువు తగ్గించి ఎక్కించాలి. మధ్యాహ్నానికి కొండగాలి ముదురుతుంది కాబట్టి పొద్దున్నే దిగి పొద్దున్నే తిరిగి లేచిపోవాలి. ఈ మూడు వాక్యాలు రాస్తే ఆ ఒక్క ఎంట్రీ బతుకుతుంది. "మా ఊరి మీద రెండు చుట్లు తిప్పాడు" అన్న కథ ప్రతి పైలట్ ఊళ్లోనూ ఉంటుంది. లాగ్‌బుక్‌లో దొరక్కపోతే తీసేయనక్కర్లేదు, ఊళ్లో చెప్పుకునే మాటగానే వేయండి.

ఇక హోదా. సర్వీసు ర్యాంకు పేరుకి ముందు, "రిటైర్డ్" బ్రాకెట్లో పేరు తర్వాత. ఎయిర్‌లైన్స్‌లో అందరూ కెప్టెన్ అనే పిలిచి ఉంటారు. కవరు మీద ఉత్త "కెప్టెన్" అని వేస్తే ఆర్మీ ఆయన అనుకుంటారు. ఎయిర్‌ఫోర్స్‌లో కెప్టెన్ అన్న ర్యాంకు లేదు, గ్రూప్ కెప్టెన్ ఉంది. కవరు మీద వింగ్ కమాండర్ అనో స్క్వాడ్రన్ లీడర్ అనో పెట్టి, ఎయిర్‌లైన్ సంగతి లోపల రాయండి.

పతకాల దగ్గరే పుస్తకాలు ఎక్కువగా తప్పుతాయి. కనిపించిన ప్రతి పతకాన్నీ "శౌర్య పతకం" అనేస్తారు. వీరచక్ర శౌర్యానికి ఇచ్చేది. వాయుసేనా మెడల్ శౌర్యానికీ ఇస్తారు, విధి నిర్వహణకీ ఇస్తారు, సైటేషన్ (ఎందుకిచ్చారో చెప్పే కాగితం) చూసి రాయాలి. 1965 యుద్ధానికి సమర్ సేవా స్టార్, రక్షా మెడల్. 1971కి పూర్వీ స్టార్, పశ్చిమీ స్టార్, సంగ్రామ్ మెడల్. ఇవి ఆ యుద్ధకాలంలో చేసిన సేవకి ఇచ్చినవి. వీటిని ఉన్నట్టు చెప్పడంలో చిన్నతనమేమీ లేదు. పతకం అంచు మీద సర్వీసు నంబరు, ర్యాంకు, పేరు చెక్కి ఉంటాయి. ఆ ర్యాంకు పతకం నాటిది, రిటైరైనప్పటిది కాదు. ఫోటోకి మెరవాలని చింతపండుతో తోమకండి, ఆ చెక్కుడే అరిగిపోతుంది.

కమిషన్ (అధికారిగా చేరిన), ప్రమోషన్ తేదీలు తేలకపోతే భారత గెజిట్ మొదటి భాగం, నాలుగో సెక్షన్ చూడండి. రక్షణశాఖ అధికారుల నియామకాలు, ప్రమోషన్లు అందులో వస్తాయి. పింఛను మంజూరు ఉత్తర్వు, అంటే పీపీఓ కాగితం కూడా పనికొస్తుంది, కానీ దాన్ని పుస్తకంలో అచ్చు వేయకండి. సర్వీసు నంబరు, పీపీఓ నంబరు, పాస్‌పోర్టు పుట బయటికెళ్తే అమ్మగారికి మోసగాళ్ల ఫోన్లు మొదలవుతాయి.

ఫోటో ఏ కాలానిదో భుజం పట్టీ చెబుతుంది. ఎయిర్‌ఫోర్స్‌లో రెండు పట్టీలు ఫ్లయిట్ లెఫ్టినెంట్, రెండింటి మధ్య సన్నటి పట్టీ ఉంటే స్క్వాడ్రన్ లీడర్, మూడు వింగ్ కమాండర్, నాలుగు గ్రూప్ కెప్టెన్. ఎయిర్‌లైన్ కమాండర్‌కీ నాలుగే కాబట్టి యూనిఫాం రంగు, టోపీ మీది బ్యాడ్జి కూడా చూడండి. వింగ్స్ (పైలట్ రెక్కల బ్యాడ్జి), పతకాల రిబ్బన్లు ఎడమ రొమ్ము మీద ఉండాలి. కుడివైపు కనిపిస్తే ఫోటో తిరగబడిందన్నమాట. పాత ఆల్బమ్ నల్లకాగితం మీద అంటుకున్న ఫోటోలు పీకకండి, వరండా నీడలో ఆల్బమ్‌తో సహా ఫోన్‌తో తీయండి. విడి పాస్‌పోర్టు సైజు ఫోటో అయితే 600 డీపీఐలో స్కాన్ చేయించండి. ప్రెస్సుకి వాట్సాప్‌లో ఫోటోగా కాదు, డాక్యుమెంట్‌గా పంపాలి. లేకపోతే కవరు మీద మొహం మసకబారుతుంది.

ఇంట్లోవాళ్లని "ఆయన ఎలాంటివారు?" అని అడిగితే "దేవుడు బాబూ" అంటారు, అక్కడితో సరి. "నైట్ ఫ్లయిట్ ఉన్న రోజు మధ్యాహ్నం ఎన్నింటికి పడుకునేవారమ్మా? అప్పుడు పిల్లల్ని ఏం చేసేవారు?" అని అడగండి. కోర్సుమేట్లకి (ఆయనతో కలిసి శిక్షణ పొందినవాళ్లకి) ఫోన్ చేస్తే ముందు ముద్దుపేరు అడగండి, కథలు వాటంతటవే వస్తాయి.

ఫ్లెక్సీ కడితే జాతీయ జెండా మీద పేరు రాయించకండి. జెండా మీద అక్షరాలు వేయడం 1971 చట్టం ప్రకారం నేరం. భౌతికకాయం మీద జెండా కప్పడం కూడా ప్రభుత్వ, సైనిక లాంఛనాలతో జరిగే అంత్యక్రియలకే. దహనానికి ముందు దాన్ని తీసేయాలి. పేటలో ఎవరో తెచ్చారని కప్పించకండి.

అచ్చుకి ఏ5 సైజు, 16 పుటలు, లోపల 130 జీఎస్ఎం ఆర్ట్ పేపరు, కవరుకి 250 సరిపోతుంది. మధ్యలో పిన్ను కొట్టాలి కాబట్టి పుటలు నాలుగు గుణిజంలోనే ఉండాలి. మన జిల్లా ప్రెస్సుల్లో చాలావాటిలో ఇంకా అను ఫాంట్లే వాడతారు. మీరు ఫోన్లో టైపు చేసిన యూనికోడ్ అక్షరాలని వాటిలోకి మార్చేటప్పుడు వత్తులు చెదురుతాయి. "స్క్వాడ్రన్" అన్న మాట ముందుగా విరుగుతుంది, ప్రూఫులో దాన్నే వెతకండి. పన్నెండో రోజున పంచాలంటే ఎనిమిదో రోజు సాయంత్రానికి మేటర్ ప్రెస్సులో ఉండాలి, తొమ్మిదో రోజు ప్రూఫు ఒక కోర్సుమేట్ చూడాలి. లాగ్‌బుక్ పుట ఒకటి ఉన్నదున్నట్టు అచ్చు వేస్తానంటే ఇంట్లోనే స్కాన్ చేసి ఫైలు ఇవ్వండి, అసలు పుస్తకం ప్రెస్సు బల్ల మీదికి పోనివ్వకండి.