ఓడిన సేనానుల మాటల్లో ఆర్డెన్స్ దాడిని చదవడం ఎలా

రెండవ ప్రపంచ యుద్ధంలో, 1944 డిసెంబర్ 16 తెల్లవారుజామున 5.30 గంటలకు బెల్జియం, లక్సెంబర్గ్ సరిహద్దు అడవుల మీద జర్మన్ ఫిరంగులు విరుచుకుపడటంతో అక్కడి అమెరికన్ రక్షణ రేఖ మీద హిట్లర్ చేయించిన ఆర్డెన్స్ దాడి మొదలైంది. ఓడిన పక్షం సేనానుల వాంగ్మూలాలు ఇంత విస్తారంగా మిగిలిన దాడులు అరుదు. యుద్ధం ముగిసిన వెంటనే, 1945 వేసవి నుంచే, అమెరికా సైన్యపు చరిత్ర విభాగం తమ చేతిలో ఖైదీలుగా ఉన్న జర్మన్ జనరళ్లను ప్రశ్నించింది, ఆ తరువాత వారి చేతనే సుదీర్ఘమైన నివేదికలు రాయించింది. వాటి ఇంగ్లీషు అనువాదాలు అమెరికా జాతీయ అభిలేఖాగారంలో ఉన్నాయి. అయితే వాటిని వరుసగా చదువుకుంటూ పోయినవారికి చివరికి చేతికి దక్కేది ఒకే కథ: ప్రణాళిక హిట్లర్‌ది, మేము వద్దన్నాము, పెట్రోలు రాలేదు, ఆకాశం తేటపడగానే విమానాలు వచ్చి పడ్డాయి. ఈ కథలో అబద్ధం తక్కువే కాని, వదిలేసింది చాలా ఎక్కువ. కనుక అక్షరమక్షరం నమ్మకుండా, అలాగని కొట్టిపారేయకుండా, ఏ వాక్యానికి ఎంత విలువ ఇవ్వాలో తూచుకుంటూ చదవాలి.

ముందుగా ఒక కాగితం మీద ఆనాటి అధికార శ్రేణిని రాసుకోవాలి. పైన హిట్లర్, ఆయన పక్కన సైనిక కార్యకలాపాల అధిపతి యోడ్‌ల్. పశ్చిమ రంగానికి రుండ్‌స్టెట్. ఈ దాడి చేసిన సైన్యాల సమూహం, ఆర్మీ గ్రూప్ బి కి మోడెల్. దాని కింద ఉత్తరం నుంచి దక్షిణానికి వరుసగా ఎస్‌ఎస్ (నాజీ పార్టీ సొంత సాయుధ దళం) అధికారి డీట్రిష్ నడిపిన ఆరవ పాంజర్ (ట్యాంకుల) సైన్యం, మాంటాయ్‌ఫెల్ నడిపిన ఐదవ పాంజర్ సైన్యం, బ్రాండెన్‌బెర్గర్ నడిపిన ఏడవ సైన్యం. ప్రతి పేరు పక్కనా ఆ మనిషికి తరువాత ఏమైందో కూడా రాయాలి. చాలామంది పాఠకులు ఎగరగొట్టే పని ఇదే. మోడెల్ 1945 ఏప్రిల్ 21న తనను తాను కాల్చుకున్నాడు, హిట్లర్ అదే నెల 30న చనిపోయాడు, యోడ్‌ల్‌ను 1946 అక్టోబరులో నురెంబర్గ్‌లో ఉరితీశారు. డీట్రిష్ 1946లో ఖైదీల హత్యల మీద జరిగిన డాకావ్ విచారణలో ముద్దాయిగా నిలబడి యావజ్జీవ శిక్ష పొందాడు. మాంటాయ్‌ఫెల్ మాత్రం 1953లో పశ్చిమ జర్మనీ పార్లమెంటు సభ్యుడయ్యాడు. తప్పంతా ఎవరి మీదకు జారుతోందో గమనిస్తే, ఎదురు చెప్పడానికి బతికి లేనివారి మీదకే తరచుగా జారడం ఈ కాగితం దగ్గర ఉన్నప్పుడే కనిపిస్తుంది.

తరువాత చూడవలసింది వాంగ్మూలం తేదీ. 1945లో మాట్లాడినవారి దగ్గర యుద్ధ దినచర్యలు లేవు, పటాలు అరకొరగా ఉన్నాయి, గంటలూ గ్రామాల పేర్లూ జ్ఞాపకం మీద చెప్పినవే. పైగా ప్రశ్నలు వేసినది గెలిచిన సైన్యం. తమ రక్షణ రేఖ ఎక్కడ పగిలింది, ఎక్కడ నిలిచింది అన్నదే వారికి ముఖ్యం కాబట్టి జవాబులు కూడా ఆ దారినే నడిచాయి. 1947, 48 నాటికి పరిస్థితి మారింది. సోవియట్ యూనియన్‌తో వైరం ముదరడంతో, ఎర్ర సైన్యంతో పోరాడిన అనుభవం ఉన్న జర్మన్ అధికారులకు ఒక్కసారిగా గిరాకీ పెరిగింది. అప్పటి రాతల్లో కనిపించే నిర్లిప్తమైన వృత్తినిపుణుడి స్వరాన్ని ఆ గిరాకీతో కలిపి చదవాలి. ఒకే అధికారి ఒకే రోజు గురించి రెండుసార్లు చెప్పి ఉంటే, ముందుగా చెప్పినదానికే ఎక్కువ విలువ ఇవ్వడం మంచిది.

ఇక 'మేము వద్దన్నాము' అన్న మాట సంగతి. దీన్ని సమకాలీన పత్రాలతో పోల్చి చూడవచ్చు. 1944 అక్టోబరు 22న రుండ్‌స్టెట్, మోడెల్‌ల ముఖ్య సిబ్బంది అధికారులను హిట్లర్ తన ప్రధాన శిబిరానికి పిలిపించి, మ్యూజ్ నది దాటి బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ రేవును పట్టుకోవాలన్న ప్రణాళిక వివరించి, రహస్యం కాపాడతామని వారి చేత సంతకాలు చేయించాడు. ఆ లక్ష్యం ఉన్న బలగానికి మించినదని భావించిన సేనానులు, ఆఖెన్ దగ్గర అమెరికన్లను చుట్టుముట్టే చిన్న పరిష్కారాన్ని ప్రతిపాదించారు, హిట్లర్ దాన్ని తోసిపుచ్చాడు. ఇంతవరకు నిజమే. మాంటాయ్‌ఫెల్ మరో అడుగు ముందుకు వేసి, డిసెంబర్ 2న బెర్లిన్‌లో హిట్లర్‌ను ఒప్పించి, తన రంగంలో దీర్ఘమైన ఫిరంగి కాల్పులకు బదులు చీకట్లోనే పదాతి దళాలు శత్రు స్థావరాల మధ్యలోకి చొరబడేలా పద్ధతి మార్పించానని చెప్పుకున్నాడు. ఇది సొంత డప్పులా వినిపిస్తుంది కాని, ఫలితం దానికి సాక్ష్యం పలుకుతోంది: ష్నే ఐఫెల్ గుట్టల మీద చిక్కుకున్న అమెరికన్ 106వ డివిజన్‌కు చెందిన రెండు రెజిమెంట్లు డిసెంబర్ 19న లొంగిపోయాయి. అయితే అనుమానాలు వ్యక్తం చేసిన ఈ సేనానులందరూ ఆ తరువాత ఆజ్ఞను అమలు చేయడానికి శాయశక్తులా పనిచేశారన్న సంగతి మాత్రం వారి రాతల్లో ఒక్క వాక్యంలో తేలిపోతుంది.

పెట్రోలు గురించిన ఫిర్యాదును కూడా ఇలాగే విడదీయాలి. మొత్తం మీద నిల్వ లేకపోవడం కన్నా, రైన్ నదికి తూర్పున ఉన్న నిల్వను ఇరుకైన కొండదారుల గుండా ముందున్న ట్యాంకులకు చేర్చలేకపోవడమే అసలు కొరత. 'ఇంధనం లేదు' అని కనిపించిన ప్రతిచోటా ఎక్కడ లేదు, ఎందుకు చేరలేదు అని అడగాలి; అలా అడిగితే ఆ నింద కొంత హిట్లర్ మీద నుంచి సేనానుల సొంత రవాణా ఏర్పాట్ల మీదకు మళ్లుతుంది.

వాతావరణం విషయంలో జ్ఞాపకం ఎంత మోసం చేస్తుందో డీట్రిష్ పేర ప్రసిద్ధమైన వ్యంగ్యం చెబుతుంది. నడుం లోతు మంచులో, నాలుగు ట్యాంకులు పక్కపక్కన నిలవలేని చోట, ఎనిమిదింటికి తెల్లవారి నాలుగింటికి చీకటిపడే కాలంలో తనను ఆంట్‌వెర్ప్ దాకా వెళ్లమన్నారని ఆయన వాపోయాడు. చీకటి గురించీ, దారుల గురించీ అన్నది సరే. కాని దాడి తొలి రోజుల్లో ఎత్తైన చోట్ల కొంత మంచు ఉన్నా, సైన్యాన్ని నిజంగా పట్టి ఆపినవి పొగమంచు, బురద. నేల గట్టిగా గడ్డకట్టినది డిసెంబర్ 23 ప్రాంతంలో ఆకాశం తేటపడిన తరువాతే. జనవరి నాటి మంచు జ్ఞాపకంలో డిసెంబర్ 16కు జరిగిపోయింది. అసలు డీట్రిష్ సైన్యం ఉత్తరాన ఆగిపోవడానికి ప్రధాన కారణం క్రింకెల్ట్, రోషెరాత్ గ్రామాల్లోనూ, ఎల్సెన్‌బోర్న్ గుట్ట మీదా అమెరికన్ 99వ, 2వ డివిజన్లు పట్టు విడవకపోవడం. ఆ సంగతి ఆయన ఫిర్యాదులో లేదు. రెగ్యులర్ సైన్యపు అధికారి అయిన మాంటాయ్‌ఫెల్ కథనంలో ఆ వైఫల్యం డీట్రిష్ ఎస్‌ఎస్ దళాల అసమర్థతగా మారుతుంది. ఓడినవారిలో కూడా రెండు పక్షాలు ఉంటాయి కనుక, ఒకరి మాటను మరొకరి మాటతో తప్పనిసరిగా ఢీకొట్టించాలి.

దగ్గరగా చదవడానికి నేను ఎప్పుడూ సూచించేది పాంజర్ లేర్ డివిజన్‌ను నడిపిన బాయర్‌లైన్ చెప్పిన డిసెంబర్ 18 రాత్రి కథ. దారులు కలిసే బాస్టోన్ పట్టణం వైపు త్వరగా చేరాలని ఆయన నీడర్‌వాంపాక్ నుంచి అడ్డదారి పట్టాడు, కొంత దూరం పోయేసరికి ఆ దారి కాస్తా బురదగుంటగా మారింది, ఎలాగో అర్ధరాత్రి దాటాక మాజెరే గ్రామం చేరుకున్నాడు. అక్కడ ఒక స్థానికుడు, దాదాపు యాభై ట్యాంకులతో పెద్ద అమెరికన్ దళం అప్పుడే తూర్పుకు వెళ్లిందని చెప్పాడు. వెనుక నుంచి దెబ్బ పడుతుందేమోనన్న భయంతో బాయర్‌లైన్ తూర్పు వైపు దారి మూయించి, విలువైన గంటలు అక్కడే గడిపాడు. నిజానికి వెళ్లినది అంతకన్నా చాలా చిన్న దళం. ఆ రాత్రే అమెరికన్ 101వ ఎయిర్‌బోర్న్ డివిజన్ లారీల్లో బాస్టోన్ చేరుతోంది. ఈ పేజీలు చదువుతున్నప్పుడు అమెరికన్ బలగాల పటాన్ని కావాలనే మూసి ఉంచాలి. ఆ గంటలో ఆయనకు తెలిసినదేమిటి, తెలియనిదేమిటి అన్నది ముందు పట్టుకుని, ఆ తరువాతే పటం తెరవాలి. ఓడిన సేనాని వాంగ్మూలానికి ఉన్న నిజమైన విలువ ఇటువంటి చోట్లే ఉంది. 'అలా చేసి ఉంటే గెలిచేవాళ్లం' అన్న పేజీల్లో నాకు అది పెద్దగా కనిపించలేదు.

చెప్పని సంగతులకు వేరే పుట కేటాయించాలి. డిసెంబర్ 17న మాల్మెడీ దగ్గర బోన్యే కూడలిలో డీట్రిష్ సైన్యంలోని ఎస్‌ఎస్ అధికారి పైపర్ దళం లొంగిపోయిన 84 మంది అమెరికన్లను చంపింది, ఆ తరువాతి రోజుల్లో స్టావెలో పరిసరాల్లో వందకు పైగా పౌరులు హతులయ్యారు. డీట్రిష్, ఆయన ముఖ్య సిబ్బంది అధికారి క్రేమర్, పైపర్ ముగ్గురూ ఇందుకు విచారణను ఎదుర్కొన్నవారే కనుక, ఈ విషయంలో వారి కలం నుంచి వచ్చిన ఏ వాక్యాన్నైనా ముద్దాయి వాంగ్మూలంగానే చదవాలి. దీనికి తిరగబడిన రూపం మర్యాద: సెయింట్ విత్ పట్టణాన్ని కాపాడిన అమెరికన్ సేనాని క్లార్క్‌తో యుద్ధం తరువాత మాంటాయ్‌ఫెల్‌కు స్నేహం కుదిరింది, క్లార్క్ గురించి మాంటాయ్‌ఫెల్ పొగడ్తల్లో కొంత భాగం ఆ స్నేహానిది. నష్టాల అంకెలను ఈ కథనాల నుంచి అసలు తీసుకోకూడదు. అమెరికా సైన్యం 1965లో ప్రచురించిన అధికారిక చరిత్రతో మొదలుపెట్టడం మేలు.

చదివే వరుసను తలకిందులు చేసుకోవాలని నా సలహా. ముందు డివిజన్ స్థాయి అధికారులను చదవాలి, ముఖ్యంగా బాస్టోన్‌ను ముట్టడించిన 26వ ఫోక్స్‌గ్రెనడియర్ (పదాతి) డివిజన్ సేనాని కోకోట్‌ను. మిగతా పాంజర్ బలగంలో చాలా భాగం మ్యూజ్ వైపు సాగిపోతుంటే, చాలని సేనతో పట్టణం పట్టుకోమని మిగిల్చినది ఆయననే. క్రిస్మస్ ఉదయం జర్మన్ ట్యాంకులు పట్టణపు పడమటి అంచు దాకా వచ్చేశాయన్న కబురు రావడం, ఆ తరువాత ఎంతసేపు వేచినా మరో కబురు అందకపోవడం ఆయన రాతలో ఉంది. దాని పక్కన షాంప్, ఎమ్‌రూల్ గ్రామాల దగ్గర అదే ఉదయం ఆ ట్యాంకులను ధ్వంసం చేసిన అమెరికన్ల కథనాన్ని పెట్టి చదవాలి. సైన్యాధిపతుల రాతలకూ, రుండ్‌స్టెట్ సమర్థనలకూ ఆ తరువాతే వెళ్లాలి. అప్పటికి వారు ఏ గ్రామాన్ని, ఏ రోజును ఒక్క మాటతో దాటేస్తున్నారో పాఠకుడే గుర్తుపట్టగలుగుతాడు.