డిప్ప మెత్తబడిన తాబేలును ఇంట్లో ఎలా చూసుకోవాలి?

కాకినాడ, రాజమహేంద్రవరం, భీమవరం వంటి ఊళ్లలో అక్వేరియం దుకాణం నుంచి రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్దగా ఇంటికి వచ్చే ఎర్రచెవి తాబేలు, ఎండు రొయ్యలూ అన్నం మెతుకులూ తింటూ హాలు మూలన అద్దాల తొట్టిలో పెరిగితే, దాని డిప్ప మెత్తబడే ప్రమాదం ఉంది. ఆహారంలో కాల్షియం చాలక, అతినీలలోహిత కిరణాలు సోకక విటమిన్ డి3 తయారుకానప్పుడు శరీరం తన ఎముకల్లోని కాల్షియాన్నే తోడేసుకుంటుంది. ఈ జబ్బు నెలల తరబడి సాగుతుంది. డిప్ప మళ్లీ గట్టిపడవచ్చు గానీ, ఒకసారి వచ్చిన వంకర పోదు.

ముందుగా డిప్ప వెనుక అంచును బొటనవేలితో నెమ్మదిగా నొక్కి చూడండి. నెలల పిల్లకు కొద్దిగా వంగడం సహజమే. ఏడాది దాటిన దానిది నానిన అట్టలా లోపలికి పోతే అనుమానించాలి. అప్పుడు సరీసృపాలను చూసే పశువైద్యుణ్ణి వెతకాలి. అందరూ చూడరు కనుక, ముందే ఫోన్ చేసి కనుక్కుని బయలుదేరడం మంచిది. తాబేలును నీళ్లలో కాక, తడిగుడ్డ పరిచి గాలి ఆడే డబ్బాలో తీసుకెళ్లండి. తొట్టి, మేత పొట్లం, బల్బు పెట్టెల ఫొటోలు కూడా చూపించండి. పిల్లల కాల్షియం సిరప్‌ను ఉజ్జాయింపుగా పట్టడం మాత్రం వద్దు.

వైద్యుడు చెప్పిన మందు ఎంత ముఖ్యమో ఎండ కూడా అంతే ముఖ్యం. కిటికీ అద్దం గుండా వచ్చే ఎండలో దీనికి పనికొచ్చే యూవీబీ (ఒక రకం అతినీలలోహిత) కిరణాలు దాదాపు ఉండవు. పొద్దున్న ఎండ చురుక్కుమనక ముందే, సగం నీడ ఉండేలా వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బులో కొద్దిగా నీళ్లు పోసి, కాకులు రాకుండా పైన వల కట్టి, ఇరవై నిమిషాలు పక్కనే కూర్చోండి. గాజు తొట్టిని ఎండలో పెడితే లోపలి నీళ్లు వేడెక్కి తాబేలు చనిపోవచ్చు. ముసురు రోజుల కోసం యూవీబీ బల్బు ఉండాలి. వెలుతురు బాగానే కనిపించినా ఆ కిరణాలు తగ్గిపోతాయి కనుక ఆరు నెలల నుంచి ఏడాదిలోపు మార్చాలి.

మేతగా ముల్లుతో సహా చిన్న పచ్చిచేపలు, తాబేళ్ల కోసమే చేసిన గుళికలు, మునగాకు పెట్టండి. పాలకూరలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వవు. తొట్టిలో సముద్రపు నురుగు (కటిల్‌ఫిష్ ఎముక) ముక్క వేస్తే తాబేలే కొరుక్కుంటుంది. కాలువ గట్టున తెంపిన ఆకులు చేలలో కొట్టిన పురుగుమందులు మోసుకొస్తాయి, వాడకండి.

నీటి విషయంలో మన ప్రాంతానికి ఒక వెసులుబాటు ఉంది: చెరువుల రైతులకు అమ్మే అమ్మోనియా పరీక్ష కిట్టు ఆక్వా దుకాణాల్లో దొరుకుతుంది, తొట్టి నీటికీ అదే వాడవచ్చు. నీరు 24 నుంచి 28 డిగ్రీల మధ్య, ఎండ కాచుకునే రాయి 30 దాటి ఉండాలి. తుఫానుకు కరెంటు పోయి నీళ్లు చల్లబడితే మేత ఆపండి. చలిలో తిన్నది అరగదు.

ప్రతి ఆదివారం మేతకు ముందు, వంటకు వాడని కాటా మీద తూచి, గ్రాముల్లో నోటుపుస్తకంలో రాయండి. వైద్యుడికి మీ మాట కన్నా ఆ అంకెలే ఎక్కువ చెబుతాయి. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి, తాబేళ్ల మీద మనకు జబ్బు తెచ్చే సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండవచ్చు.

విసుగొచ్చి కాలువలో వదలకండి. పరాయి దేశపు జాతి కనుక మన తాబేళ్ల మేతకూ చోటుకూ పోటీ వస్తుంది. కాళ్లు అదరడం, వెనుక కాళ్లు ఈడ్చడం కనిపిస్తే ఆదివారం దాకా ఆగకుండా ఆ రోజే వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి.