ప్రాచీన ఆంగ్లంలో అబద్ధానికి విభక్తులు: ‘లేఆసుంగ్’ను నేర్చుకునే పద్ధతి

1820లో కడపకు ఉద్యోగానికి వచ్చిన సి.పి. బ్రౌన్ మన విభక్తులను పట్టుదలగా నేర్చుకుని, 1840లో తెలుగు వ్యాకరణం అచ్చు వేయించాడు. ఆయన పూర్వీకుల భాషైన ప్రాచీన ఆంగ్లాన్ని మనం నేర్చుకోవాలంటే, ‘అబద్ధం’ అనే అర్థమున్న ‘లేఆసుంగ్’ అన్న నామవాచకంతో మొదలుపెట్టవచ్చు.

ముందుగా ధాతువును పట్టుకోండి. ‘లేఆస్’ అంటే లేనిది, వట్టిది అని అర్థం. కేర్‌లెస్, హోమ్‌లెస్ అన్న మాటల చివర నేటికీ మిగిలి ఉన్నది అదే. మనం కూడా నిజం కానిదాన్ని ‘వట్టి మాట’, ‘ఉత్త మాట’ అంటాము కనుక ఈ అర్థం తేలికగా గుర్తుంటుంది. దానికి ‘ఉంగ్’ ప్రత్యయం చేరగా నామవాచకమైంది. ఈ ప్రత్యయం చేరిన పదాలన్నీ స్త్రీలింగాలే. జర్మన్ చదివినవారికి ఇది పాత పరిచయమే. అబద్ధం ఆడదెందుకయిందని ఆలోచించి లాభం లేదు, అక్కడి లింగం అర్థాన్ని బట్టి కాక పదాన్ని బట్టి నడుస్తుంది.

ఇక రూపాలు. ఏకవచనంలో ప్రథమకు ‘లేఆసుంగ్’. ద్వితీయ, షష్ఠి, చతుర్థి మూడింటికీ ‘లేఆసుంగె’. బహువచనంలో ప్రథమకు, ద్వితీయకు ‘లేఆసుంగ’ లేదా ‘లేఆసుంగె’, షష్ఠికి ‘లేఆసుంగ’, చతుర్థికి ‘లేఆసుంగుమ్’. బడిలో ‘డుమువులు ప్రథమా విభక్తి’ అని వల్లించినట్లు వీటిని ఒంటరిగా వల్లిస్తే ఒకే రూపం పలుచోట్ల ఎదురై తికమక పెడుతుంది. అందుచేత ముందుండే నిర్దేశక పదంతో, అంటే మన ‘ఆ’ వంటి మాటతో, కలిపి చదవాలి: ఏకవచనంలో వరుసగా ‘సేఓ లేఆసుంగ్’, ‘థా లేఆసుంగె’, షష్ఠికీ చతుర్థికీ ‘థేరె లేఆసుంగె’; బహువచనంలో ‘థా లేఆసుంగ’, ‘థార లేఆసుంగ’, ‘థేమ్ లేఆసుంగుమ్’. ఇక్కడ ‘థ’ను ఆంగ్లంలోని ‘థింక్’లో లాగా పలకాలి.

వారి చతుర్థి మన ‘కొరకు’తో ఆగదు, మనం ‘తో’, ‘లో’ అనే చోట్లకు కూడా వ్యాపిస్తుంది. ‘అబద్ధాలతో’ అనడానికి ‘మిద్ లేఆసుంగుమ్’ అంటారు. నోటుపుస్తకంలో ఒకవైపు తెలుగు రూపం, మరొకవైపు ఆంగ్ల రూపం రాసుకుని, ఒక వరుసను చేత్తో మూసి రెండోదాన్ని చెప్పుకుంటూ పోతే, కొద్ది రోజుల్లోనే ఇవి నోటికి వస్తాయి.

1611 నాటి ఆంగ్ల బైబిలు కీర్తనల్లో ఈ పదమే ‘లీసింగ్’ అన్న రూపంలో కనిపిస్తుంది. పొలాన్ని కౌలుకిచ్చే లీజింగ్‌కు కూడా అదే అక్షరక్రమం ఉన్నా, రెండింటికీ చుట్టరికం లేదు. నిఘంటువులో వేరే పదంగా వెతకాలి.