కాలిఫోర్నియాలో మొబైల్ నోటరీ పని: ఇండియాకు పంపే జీపీఏ తిరిగి రాకుండా చూసుకోవడం

ఫ్రీమాంట్‌లోనో సన్నీవేల్‌లోనో ఉంటున్నవారు ఊళ్లో ఉన్న ప్లాటు అమ్మడానికి అన్నకో బావమరిదికో జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, తన తరఫున పని చేసే అధికారమిచ్చే పత్రం) ఇవ్వాలనుకుంటారు. వకీలు డ్రాఫ్టు వాట్సాప్‌లో వస్తుంది. దాని మీద పడే మొదటి ముద్ర నోటరీది, అంటే సంతకం పెట్టినవారు ఎవరో చూసి ధ్రువీకరించే వ్యక్తిది. ఈ సూచనలు క్లయింటు దగ్గరికే వెళ్లి ఆ ముద్ర వేసే మొబైల్ నోటరీలకు. ఆ ముద్రను చూసి కాలిఫోర్నియా సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసు అపోస్టిల్ (విదేశంలో వాడే కాగితానికి జతచేసే ధ్రువీకరణ పత్రం) ఇస్తుంది, దాన్ని చూసి ఇండియాలో జిల్లా రిజిస్ట్రార్ వాలిడేషన్ చేస్తారు, అంటే అక్కడ చెల్లుబాటయ్యేలా చేస్తారు. అపోస్టిల్ కాగితంలోని విషయానికి హామీ ఇవ్వదు. సంతకం పెట్టిన నోటరీ నిజమైన నోటరీయేనని మాత్రమే చెబుతుంది. అందుకే మొదటి ముద్ర దగ్గర జరిగిన పొరపాటు చాలాసార్లు వారాల తర్వాత, సముద్రం అవతల బయటపడుతుంది. అప్పుడు మొత్తం మొదటి నుంచి చేయాలి.

కమిషన్ తెచ్చుకోవడం

కమిషన్ అంటే నోటరీగా పనిచేయడానికి రాష్ట్రం ఇచ్చే నియామకం. దానికి 18 ఏళ్లు నిండి, కాలిఫోర్నియాలో చట్టబద్ధంగా నివసిస్తూ ఉండాలి. 6 గంటల కోర్సు చేసి, పరీక్ష రాసి, లైవ్ స్కాన్‌లో వేలిముద్రలు ఇవ్వాలి. దరఖాస్తుకూ పరీక్షకూ కలిపి 40 డాలర్లు. కమిషన్ నాలుగేళ్లు ఉంటుంది. ఎక్కువమంది తడబడేది ఆ తర్వాత అడుగులో: 15,000 డాలర్ల బాండు (హామీ పత్రం), ప్రమాణపత్రం కౌంటీ క్లర్క్ దగ్గర 30 రోజుల్లో దాఖలు చేయాలి. ఆ 30 రోజులు లెక్కపెట్టేది కమిషన్ మొదలైన తేదీ నుంచి, కవరు మీ చేతికి అందిన రోజు నుంచి కాదు. గడువు దాటితే ఆ కమిషన్ పనికిరాదు.

హెచ్-1బీ మీద ఉన్నవారు సొంతంగా డబ్బు తీసుకుని ఈ పని చేయకూడదు. ఆ వీసా ఇచ్చే పని అనుమతి మిమ్మల్ని తీసుకొచ్చిన కంపెనీ వరకే.

తెలుగులో ప్రకటన ఇచ్చేటప్పుడు చట్టం ఒక షరతు పెట్టింది. మీరు లాయరు కాదని, ఇమిగ్రేషన్ సహా ఏ విషయంలోనూ న్యాయసలహా ఇవ్వలేరని ఇంగ్లిష్‌లోనూ తెలుగులోనూ రాయాలి. ఫీజులూ అందులోనే చూపాలి. వాట్సాప్ గ్రూపుల్లో పెట్టే పోస్టరుకు కూడా ఇది పాటించండి.

అపాయింట్‌మెంట్‌కు ముందు ఫోన్‌లో అడగాల్సినవి

కాగితం ఏ దేశానికి వెళ్తుంది? తీసుకునేవారు అపోస్టిల్ అడిగారా, కాన్సులేట్ అటెస్టేషన్ అడిగారా? రెండోదైతే పద్ధతి వేరు కాబట్టి ముందు అక్కడి వకీలును అడిగి చెప్పమనండి. ఎంతమంది సంతకం చేస్తారు? వారి గుర్తింపు కార్డు మీద పేరు ఎలా ఉంది?

పేరు ప్రశ్న దగ్గర కాసేపు ఆగండి, మనవాళ్ల కాగితాలు ఎక్కువగా ఇక్కడే చిక్కుకుంటాయి. దస్తావేజులో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. లేదా దస్తావేజు పుట్టింటి ఇంటిపేరుతో, పాస్‌పోర్టు అత్తింటి ఇంటిపేరుతో ఉంటుంది. నోటరీ సర్టిఫికెట్‌లో గుర్తింపు కార్డు బలపరిచే పేరే రాయాలి. కాబట్టి జీపీఏలో ముందు పాస్‌పోర్టులో ఉన్నట్టుగా పేరు రాసి, ఆ పక్కనే దస్తావేజులో ఉన్న పేరు చేర్చమని క్లయింటు తన వకీలుకు చెప్పాలి. ఆ మార్పు మీరు మీ చేత్తో రాయకండి. అది డ్రాఫ్టింగ్, న్యాయసలహా కిందికి వస్తుంది.

గుర్తింపుకు కాలిఫోర్నియా లైసెన్సు, అమెరికా పాస్‌పోర్టు, సొంత దేశపు పాస్‌పోర్టు పనికొస్తాయి. గడువు ఉండాలి, లేదా జారీ అయి అయిదేళ్లు దాటకూడదు. "ఆయన నాకు పదేళ్లుగా తెలుసు" అనే మాట ఈ రాష్ట్రంలో చెల్లదు. కార్డు లేనివారికి సాక్షుల పద్ధతి ఉంది. ఆ సాక్షి నోటరీకి తెలిసినవారైతే ఒకరు చాలు, తెలియనివారైతే ఇద్దరు కావాలి. ఎవరైనా సరే తమ గుర్తింపు కార్డు చూపాలి, ప్రమాణం చేయాలి.

బల్ల దగ్గర

సంచిలో ముద్ర, జర్నల్ (చేసిన ప్రతి పనీ రాసుకునే పుస్తకం), వేలిముద్ర ప్యాడ్, తడి తుడుపు కాగితాలు, ఖాళీ అక్నాలెడ్జ్‌మెంట్, జురాట్ షీట్లు, స్టేప్లర్ ఉండాలి. సంతకందారు మీ ఎదుట ఉండాలి. వీడియో కాల్‌లో చూసి ముద్ర వేయడం కాలిఫోర్నియా నోటరీకి కుదరదు.

అక్నాలెడ్జ్‌మెంట్ అంటే సంతకం తనదేనని వ్యక్తి ఒప్పుకోవడం. జురాట్ అంటే మీ ఎదుట ప్రమాణం చేసి, మీ ఎదుటే సంతకం పెట్టడం. ఏది కావాలో క్లయింటు చెప్పాలి. మీరు తేడా వివరించవచ్చు కానీ ఎంచి పెట్టకూడదు.

కాలిఫోర్నియా చట్టం ప్రకారం అక్నాలెడ్జ్‌మెంట్‌కు ముందే పెట్టిన సంతకం చాలు. కానీ భారత రిజిస్ట్రేషన్ చట్టం, 1908లోని సెక్షన్ 33 ప్రకారం ఇండియాలో నివసించని వ్యక్తి ఇచ్చే పవర్ ఆఫ్ అటార్నీ నోటరీ, కోర్టు, జడ్జి, మెజిస్ట్రేటు, భారత కాన్సుల్ వంటివారిలో ఒకరి ఎదుట రాసిచ్చినదీ, వారు ధ్రువీకరించినదీ అయి ఉండాలి. కాబట్టి ఇండియా జీపీఏలకు క్లయింటు అన్ని పేజీల మీదా మీ ముందే సంతకం పెట్టేలా చూడండి. ఇంట్లో పెట్టేసి ఉంచితే కొత్త ప్రింటు తీయించండి. పది నిమిషాల పనే అయినా తర్వాత ఎవరూ వేలెత్తి చూపలేరు. పిల్లల దగ్గరికి నాలుగు నెలలకని వచ్చిన తల్లిదండ్రుల సంగతి వేరు. వారి నివాసం ఇండియాలోనే కాబట్టి ఈ దారి వారికి వర్తిస్తుందో లేదో ముందే వకీలును అడగమనండి.

ఇక సర్టిఫికెట్. వకీలు డ్రాఫ్టు చివర "నా ఎదుట సంతకం చేయడమైనది, నోటరీ" అని ఒక గీత ఉంటుంది. దాని మీద ముద్ర కొట్టి వదిలేస్తే అది కాలిఫోర్నియా సర్టిఫికెట్ కాదు. పైన గడిలో హెచ్చరిక ఉన్న, చట్టం చెప్పిన మాటలే ఉన్న పూర్తి షీటు జతచేయాలి. ఆ విడి షీటు మీద కాగితం పేరు, తేదీ, పేజీల సంఖ్య రాసి పెడితే దాన్ని మరో కాగితానికి అతికించడం కష్టమవుతుంది. కౌంటీ గడిలో మీ కమిషన్ ఉన్న కౌంటీ కాదు, ఆ రోజు మీరు కూర్చున్న కౌంటీ రాయాలి. అలమీడా అని ముందే అచ్చువేసిన షీటు శాంటా క్లారాలో వాడటం చాలా మామూలుగా జరిగే తప్పు. ఫలానావారి తరఫున అధికారం ఉన్నవాడని ధ్రువీకరించమంటే వద్దనండి, మీరు చెప్పగలిగేది ఆ మనిషి ఎవరన్నదే. ముద్ర అక్షరాల మీదా సంతకం మీదా పడకూడదు, అంచులు చెరగకూడదు. మసకగా పడిన ముద్రతో అపోస్టిల్ రాదు.

జర్నల్‌లో తేదీ, సమయం, పని రకం, కాగితం వివరం, గుర్తింపు, ఫీజు రాసి సంతకం తీసుకోవాలి. పవర్ ఆఫ్ అటార్నీకీ స్థిరాస్తి కాగితాలకూ కుడి బొటనవేలి ముద్ర తప్పనిసరి, తీసుకోకపోతే 2,500 డాలర్ల దాకా జరిమానా పడవచ్చు. ఏళ్ల తరబడి పొలం పని చేసిన చేతులకు గీతలు అరిగిపోయి ఉంటాయి. వేలు తుడిచి, తేలిగ్గా ఒక్కసారే నొక్కించండి, గట్టిగా నొక్కితే నల్ల మచ్చే మిగులుతుంది.

తెలుగు తప్ప మరో భాష రాని పెద్దవారికి తెలుగు నోటరీ నిజంగా అవసరం. కాలిఫోర్నియాలో నోటరీ సంతకందారుతో నేరుగా మాట్లాడగలగాలి, మధ్యలో కొడుకు తర్జుమా చేస్తే సరిపోదు. కాగితం తెలుగులో ఉన్నా పర్వాలేదు, సర్టిఫికెట్ మాత్రం ఇంగ్లిష్‌లో ఉండాలి. ఆసుపత్రి మంచం దగ్గరైతే బంధువులను కాస్త బయట ఉండమని, ఈ కాగితం దేనికో వారి నోటితోనే చెప్పించుకోండి. చెప్పలేకపోతే ముద్ర వేయకండి, ఎంత ఒత్తిడి పెట్టినా సరే.

ఫీజు సంతకానికి 15 డాలర్లకు మించకూడదు. భార్యాభర్తలు ఇద్దరైతే 30. ప్రయాణ ఖర్చు వేరే, ముందే మాట్లాడుకుని రాసుకోండి.

అపోస్టిల్

భారత్ అపోస్టిల్ ఒప్పందంలో 2005 నుంచి ఉంది. శాక్రమెంటోకు పోస్టులో పంపవచ్చు, లేదా శాక్రమెంటో, లాస్ ఏంజెలెస్ కౌంటర్లలో ఇవ్వవచ్చు. అపోస్టిల్‌కు 20 డాలర్లు, కౌంటర్‌లో ఇస్తే ఒక్కో అధికారి సంతకానికి అదనంగా 6. అసలు సర్టిఫికెట్ పంపాలి, జిరాక్స్ కాదు. దేశం పేరు రాసిన కవరింగ్ షీటు, తిరుగు కవరు జతచేయండి. వచ్చాక స్కాన్ కోసం పిన్ను తీయకండి, విడదీస్తే అపోస్టిల్ చెల్లదు.

బర్త్ సర్టిఫికెట్ కౌంటీ రికార్డర్ సంతకంతో ఉంటే నేరుగా వెళ్తుంది. ఆరోగ్యాధికారి సంతకం ఉంటే ముందు కౌంటీ క్లర్క్ ధ్రువీకరణ కావాలి. మీరు దాని నకలును ధ్రువీకరించలేరు. ఎఫ్‌బీఐ నివేదికలు రాష్ట్రం పరిధిలోనివి కావు, వాషింగ్టన్‌లోని విదేశాంగ శాఖకు వెళ్లాలి. దుబాయ్‌కి పంపే కాగితాలకు అపోస్టిల్ కాదు. రాష్ట్రం, విదేశాంగ శాఖ, యూఏఈ రాయబార కార్యాలయం, ఈ మూడు మెట్లూ ఎక్కాలి.

అక్కడికి చేరాక

ఇండియా స్టాంప్ పేపరు ఇక్కడికి తెప్పించాల్సిన పనిలేదు, తెల్లకాగితం చాలు. స్టాంపు సుంకం అక్కడే కడతారు. ఇండియన్ స్టాంప్ చట్టం, 1899లోని సెక్షన్ 18 ప్రకారం కాగితం ఇండియాలో మొదట అందిన నాటి నుంచి మూడు నెలల్లో ఆ పని పూర్తి కావాలి. ఎప్పుడు అందిందో చూపడానికి కొరియర్ కవరును పారేయవద్దని, జీపీఏతో పాటే జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసుకు తీసుకెళ్లమని తీసుకునేవారికి ముందే ఫోన్ చేసి చెప్పించండి.